పదో మనిషి ఆటో ఎక్కలేదు

గొంతు డాక్టరు నన్ను మాట్లాడొద్దన్నాడు. ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్పాను. చెప్పిన దానికంటే ఎక్కువ అరిచాను. దాంతో గొంతులో కాయలు కాశాయట. "ఇక క్లాసులు మానేయండి, లేకపోతే గొంతు పోతుంది" అన్నాడు. "పూర్తిగా పోతుందా, కొంచెం పోతుందా?" అన్నాను. "అదిగో, మళ్ళీ వాదిస్తున్నారు" అన్నాడు. నా ఉద్యోగ విరమణ ఆ గదిలోనే జరిగిపోయింది. శాలువా లేదు, పూలదండ లేదు, నా గురించి నలుగురు లేచి అబద్ధాలు చెప్పే సభ లేదు. యాభై రెండేళ్లకే ఇంట్లో కూర్చున్నాను.

కొత్తగా జూనియర్ కాలేజీల్లో చేరుతున్న లెక్చరర్ల కోసం చిన్న పుస్తకం ఒకటి వేస్తున్నామనీ, అనుభవం ఏదైనా రాసివ్వమనీ పాత సహోద్యోగి ఒకాయన అడిగాడు. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల గురించి రాస్తాననుకున్నట్టున్నాడు. వాళ్ల గురించి నేనేం రాయను? నేను లేకపోయినా వాళ్లు తెచ్చుకునేవాళ్లే. నేను ఉండబట్టి చెడబోయిన సంగతి ఒకటుంది. ఒక పిల్ల చదువును నా చేతులారా ఆపబోయి, పరీక్షకు గంట ముందు ఆగిన సంగతి. రాస్తే అదే రాయాలి. మీకు ఉపయోగపడేది కూడా అదే.

నేను మొదట చేరింది జనగామలో. కాంట్రాక్టు ఉద్యోగం, ఒకేషనల్ కోర్సు. ఒకేషనల్ అంటే తెలియని వాళ్లకు చెబుతున్నాను: ఎంపీసీ, బైపీసీ సీట్లు నిండిపోయాక, "ఏదో ఒకటి రాసుకోండి సార్, ఇంట్ల ఉంటె ఖరాబైతడు" అని తండ్రి అంటే గుమాస్తా రాసుకునే కోర్సు. అలా వచ్చిన పిల్లల్లో బంగారం లాంటి వాళ్లుండేవారు. వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పేవారు కాదు. నేనూ చెప్పలేదు. నేను తిట్టేదాన్ని.

కంప్యూటర్ల గది ముందు 'చెప్పులు బయట విడవండి' అని రాసిన అట్ట వేలాడేది. లోపల ఎనిమిది కంప్యూటర్లు గుడ్డలు కప్పుకుని కూర్చునేవి. తాళం ప్రిన్సిపాల్ గారి సొరుగులో ఉండేది. అడిగితే, "పిల్లలు ముట్టుకుంటె ఖరాబైతయి మేడం. రేపు ఇన్‌స్పెక్షన్ వస్తె ఏం జూపిస్తం?" అనేవాడు. మొదటి ఏడాది ఆయనతో నెలకోసారి పోట్లాడాను. రెండో ఏడాది మూడు నెలలకోసారి. తరువాత మానేశాను.

నిజం చెప్పమంటారా? నాకూ అదే హాయిగా ఉండేది. నేను బోర్డు మీద ప్రోగ్రాం రాస్తాను, పిల్లలు ఎక్కించుకుంటారు. కింద 'అవుట్‌పుట్' అని రాసి, ఈ ప్రోగ్రాం నడిపితే ఏం వస్తుందో అదీ నేనే రాస్తాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే తప్పు ఉన్నప్పుడు అది చెబుతుంది. బోర్డు ఎప్పుడూ చెప్పలేదు.

దీనికి పెద్ద ఊతం రికార్డు. ప్రాక్టికల్ పరీక్షకు ముందు ప్రతి పిల్లా ఏడాదిలో 'చేసిన' ప్రోగ్రాంలన్నీ ఒక లావాటి నోటుబుక్కులో రాసి, ప్రతి పేజీ మీదా లెక్చరర్ సంతకం తీసుకోవాలి. సంతకం లేని రికార్డుతో పరీక్ష హాల్లోకి రానివ్వరు. జనగామలో మొదటి బ్యాచ్‌లో ఒకమ్మాయి రికార్డు రాసింది. అచ్చు వేసినట్టుండేవి అక్షరాలు. మార్జిన్ ఆకుపచ్చ పెన్నుతో, శీర్షికలు ఎర్ర పెన్నుతో. మురిసిపోయి దాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. మరుసటి బ్యాచ్‌కు అదే ఇచ్చాను, చూసి రాయమని. ఆ మరుసటి బ్యాచ్‌కూ అదే. జనగామలో కోర్సు మూతపడి నన్ను మహబూబాబాద్ పంపినప్పుడు నా సామానులో చీరల పెట్టె కంటే ముందు ఎక్కింది ఆ రికార్డు. ప్లాస్టిక్ అట్ట వేయించాను దానికి. పిల్లలు 'తల్లి రికార్డు' అనేవాళ్లు.

అందులో పద్నాలుగో పేజీ, ఒకటి నుంచి పది వరకు అంకెలను కూడే ప్రోగ్రాం. కింద అవుట్‌పుట్ 55. పద్నాలుగేళ్లుగా ఆ పేజీ మీద సంతకాలు పెడుతున్నాను.

మహబూబాబాద్‌లో నా ఐదో ఏడాది, ఇంటర్ రెండో సంవత్సరంలో ఆ పిల్ల నా క్లాసుకు వచ్చింది. నెల్లికుదురు వైపు ఒక తండా. ఇంట్లో లంబాడి, బయట తెలుగు, నా పుస్తకంలో ఇంగ్లీషు; మూడు భాషలు మోసుకుంటూ వచ్చేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జడ తడిగా ఉండేది. రోజూ ఆలస్యం. మొదటి పీరియడ్ నాదే. ఆలస్యంగా వచ్చిన వాళ్లను పావుగంట వరండాలో నిలబెట్టడం నా చట్టం. ఆ పిల్ల ఏడాదంతా ఆ పావుగంట కిటికీ అవతల నుంచే పాఠం విన్నది. నోట్సు కిటికీ గట్టు మీద పెట్టుకుని రాసుకునేది.

"రోజు ఇదేనా? తండాల గడియారం లేదా?" అనేదాన్ని.

"ఆటో మేడం."

"అందరికి ఆటోనే. వాళ్లెట్ల వస్తున్నరు?"

తలవంచుకునేది. అంతకు మించి చెప్పేది కాదు. నేను అడిగే పద్ధతిలో ఎవరైనా చెబుతారా అన్నది వేరే ప్రశ్న.

సంక్రాంతి సెలవులు అయ్యాక రికార్డులు దిద్దుతున్నాను. ఇరవై మూడు రికార్డులు. పద్నాలుగో పేజీ, సంతకం. పద్నాలుగో పేజీ, సంతకం. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ప్రోగ్రాం అంతా తల్లి రికార్డులో ఉన్నట్టే ఉంది. అవుట్‌పుట్ దగ్గర మాత్రం 45 అని ఉంది.

ఎర్ర పెన్నుతో పేజీ మీద పెద్ద అడ్డగీత కొట్టి, పిల్లను లేపాను.

"ఒకటి నుంచి పది దాక కూడితె ఎంత?"

"యాభై ఐదు మేడం."

"మరి నువ్వు రాసిందేంది?"

"లెక్క యాభై ఐదే మేడం. ఈ ప్రోగ్రాం నడిపిస్తె నలభై ఐదే వస్తది."

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఎదురు చెప్పే హక్కు ఆ రోజుల్లో మా ఇంట్లో కూడా ఎవరికీ లేదు.

"ఎట్లొస్తది? ఏమన్న మంత్రమా?"

పిల్ల చేతివేలు ఎత్తి గాలిలో చూపించసాగింది. "మా తండకాడ ఆటో అన్న ఏలు పెట్టి లెక్కపెట్టుకుంట ఎక్కిస్తడు మేడం. ఒకటి అంటడు, ఎక్కిస్తడు. రెండు అంటడు, ఎక్కిస్తడు. గట్ల తొమ్మిది దాక. పది అని నా మీద ఏలు పెడ్తడు. 'పది అయింది, నువ్వాగు' అంటడు. పది అన్నడు గని ఎక్కించుకోలే. ఇందుల గూడ 'పది కంటె తక్కువున్నప్పుడే కూడు' అని రాసి ఉన్నది. పది రాంగనె ఆగిపోతది. పదిని కూడది."

అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి? పదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. నాకు కాలేదు. నాకు అందులో వినిపించింది ఒక్క ముక్కే: ఆటో.

"ఆహా. లేటుగ వచ్చుడుకు సాకు దొరకలేదు, ప్రోగ్రాంల దూర్చినవా ఆటోను? కూసో. రేపటికి పేజీ మల్ల రాసుకరా."

మరునాడు రాసుకొచ్చింది. కొత్త పేజీ, కుదురైన అక్షరాలు, కింద 45. మళ్ళీ గీత కొట్టాను. మూడోసారీ అంతే. క్లాసులో ఒకడు "యాభై ఐదు రాసెయ్యరాదె, నీ చెయ్యేమన్న అరిగిపోతదా?" అన్నాడు. "రాకుండనే వచ్చినట్టు ఎట్ల రాస్తరా?" అంది. ఆ మాట నా చెవిన పడింది. దాన్ని పొగరు అనుకున్నాను. నాలో ఉంటే దాన్నే నిజాయితీ అనేదాన్ని.

మా ల్యాబ్ అటెండరు పెద్దాయన, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. ఆ రోజు టీ తెచ్చి బల్ల మీద పెడుతూ, "మేడం, పిల్లతోని పంతమేంది? ఒకపాలి చూడరాదుండ్రి, ఏమన్నున్నదేమో" అన్నాడు.

"అన్నా, నువ్వెప్పుడు నేర్చుకున్నవు ప్రోగ్రాములు?"

"నాకేం తెలుస్తది? పిల్ల మొకం జూస్తె అబద్ధమాడే మొకం లెక్క లేదు, గంతే."

"నా మొకం ఉన్నదా?"

ఆయన గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. తెలివైన మనిషి.

ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో. పరీక్ష నాటికి ఇరవై రెండు రికార్డులు పూర్తయి నా బల్ల మీద దొంతరగా ఉన్నాయి. ఇరవై మూడోది పిల్ల దగ్గరే ఉంది, పద్నాలుగో పేజీ సంతకం లేకుండా. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ పోతే ఇంటర్ పోతుంది. ఇంటర్ పాసైతే ఒకేషనల్ పిల్లలకు పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరే వీలుంది. ఆ పిల్ల దాని మీదే కళ్లు పెట్టుకుందని నాకు తెలుసు, దరఖాస్తు ఎట్లా పెట్టాలో నన్నే అడిగింది. ఇంట్లో వాళ్లు ఇంకో ఏడాది ఆగరని కూడా తెలుసు. ఫెయిలైతే మిరప తోటకే. అన్నీ తెలిసే గట్టిగా ఉన్నాను. చివరి రోజు వచ్చి కాళ్లబేరానికి దిగుతుంది, యాభై ఐదు రాస్తుంది, సంతకం పెట్టేస్తాను అని నా ధీమా.

పరీక్ష రోజు ఉదయం తొమ్మిదింటికి కాలేజీకి వెళ్లాను. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ పదింటికి వస్తాడు. వరండాలో ఆ పిల్ల నిలబడి ఉంది. ఆ రోజు ఆలస్యం లేదు. పక్కన వాళ్లమ్మ. మిరపకాయలు ఏరే చేతులు. వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, కొంగుతో వాటిని పట్టుకుని నిలబడింది. పని మానుకుని వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది.

"నమస్తే మేడం. నా బిడ్డె ఏం తప్పు చేసిందంట?"

"తప్పు చేసుడు కాదక్కా, తప్పు రాసింది. దిద్దుకోమంటె దిద్దుకుంటలేదు."

ఆమె కూతురు వైపు తిరిగి తమ భాషలో ఏదో గట్టిగా అడిగింది. పిల్ల అంతకంటే గట్టిగా ఏదో చెప్పింది. రెండు మూడు మాటలు అటూ ఇటూ అయ్యాయి. ఆమె మళ్ళీ నా వైపు తిరిగింది.

"మేడం, నాకు సదువు రాదు. నువ్వేమో యాభై ఐదు అంటున్నవు. ఇదేమో నలభై ఐదు అంటున్నది. ఇది మిషిను చెప్పే లెక్కనే కద?"

"అవును."

"మరి మీరిద్దరు కొట్లాడుడెందుకు? లోపట మిషిన్లున్నయి కద. దాన్నే అడుగుర్రి. నీదే నిజమైతె నేనె ముంగట కూసోని రాపిస్త, చెంప మీద రెండు పీకి. దీనిదే నిజమైతె…" ఆగింది. "అయితె నువ్వే చెప్పు ఏం జెయ్యాల్నో."

పద్నాలుగేళ్లలో ఏ ప్రిన్సిపాలూ, ఏ ఎగ్జామినరూ, ముఖ్యంగా నేనూ, ఆ మాట అనలేదు. మిషిన్ని అడగండి అని. ఇంకొకరి మాట ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. "నడువుర్రి" అన్నాను.

మహబూబాబాద్ ల్యాబ్‌లో పది కంప్యూటర్లు. నాలుగు పనిచేసేవి. తాళం ఇక్కడా ప్రిన్సిపాల్ సొరుగులోనే. అవీ ఏడాదంతా ఆఫీసు వాళ్లు స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఎక్కించుకోవడానికి వాడేవాళ్లు. ఆ రోజు పరీక్ష కదా అని అటెండరు వాటిని తుడిచి, ఊదుబత్తీ కూడా వెలిగించాడు. మేము లోపలికి వెళ్తుంటే ఆ తల్లి గుమ్మం దగ్గర ఇక్కడా వేలాడుతున్న చెప్పుల అట్ట చూసి, చదవలేకపోయినా, మా అందరి చెప్పులు చూసి తనవీ విడిచింది.

పిల్లను కూర్చోమన్నాను. ఒక్కో వేలితో వెతుక్కుంటూ ఆ ప్రోగ్రాం కొట్టసాగింది. రెండేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్ల. అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటోంది. అది చూస్తుంటే, ఇంకా ఫలితం రాకముందే, నాకు ఏదో తేడాగా అనిపించడం మొదలైంది. సీ అనే ప్రోగ్రాం భాషలో వాక్యం చివర పెట్టాల్సిన గుర్తు ఒకటి మరిచిపోతే మిషిన్ ఎర్రగా అరిచింది. "గిది గూడ మీ లెక్కనే కోపం చేస్తది మేడం" అంది పిల్ల, తల తిప్పకుండానే. తల్లి దాని భుజం మీద ఒక్కటి వేసింది.

పిల్ల గుర్తు పెట్టి మళ్ళీ నడిపించింది.

నల్లటి తెర మీద 45.

ఊదుబత్తీ వాసన. నేను చేయి చాచి నా చేత్తోనే ఇంకోసారి నడిపించాను. మళ్ళీ 45. ప్రోగ్రాం ఒక్కో వాక్యం తల్లి రికార్డుతో పోల్చి చూశాను. ఏమీ తేడా లేదు. పది కంటే తక్కువున్నంత వరకు కూడు. పది రాగానే ఆగు. పదో మనిషి ఆటో ఎక్కలేదు. ఏడాదంతా నేను వరండాలో నిలబెట్టిన పిల్ల ఎవరో, ఎందుకు ఆలస్యమయ్యేదో అప్పుడు తలకెక్కింది. తమ్ముళ్లకు వండిపెట్టి వచ్చేసరికి వరసలో ఎప్పుడూ పదో మనిషే అయ్యేదట. ఇంకో ఆటో వచ్చేదాకా రోడ్డు మీద నిలబడేదట. ఇదంతా తరువాత వాళ్లమ్మ చెప్పింది. పిల్ల చెప్పలేదు.

తప్పు ఎక్కడ పుట్టింది? జనగామ అమ్మాయి బోర్డు చూసి రాసింది. బోర్డు మీద రాసింది నేను. పదకొండు అని ఉండాల్సిన చోట పది అని రాశాను. కింద అవుట్‌పుట్‌లో, చిన్నప్పుడు బట్టీపట్టిన యాభై ఐదు రాశాను. మిగతా ఇరవై రెండు రికార్డుల్లో నా తప్పు నా సంతకంతో పదిలంగా ఉంది. అంతకు ముందు బ్యాచ్‌ల సంగతి లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

అటెండరు కిటికీలోంచి చూసి, "సార్ వచ్చిండు మేడం, గేటుకాడ దిగుతుండు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "పిల్లది సంతకం పెట్టి దొంతరల అడుగున పెట్టుర్రి. ఎవలు చూస్తరు? ఇన్నేండ్ల సంది ఎవలన్న చూసిండ్రా?" అన్నాడు.

మంచి మనిషే. నా మేలు కోరే అన్నాడు. మీకు అబద్ధం చెప్పను, ఆ మాట నాకు నచ్చింది. ఒక్క నిమిషం పాటు బాగా నచ్చింది. పిల్ల పరీక్ష రాస్తుంది, నా పరువు ఉంటుంది, వచ్చే ఏడాది నిదానంగా దిద్దుకోవచ్చు. అప్పుడు పిల్ల వైపు చూశాను. గెలిచినట్టుగా ఉంటుందనుకున్నాను. లేదు. బిత్తరపోయి ఉంది. మేడం తప్పని తేలింది కాబట్టి ఇక తన పని అయిపోయిందనుకుంటున్న ముఖం. నా మీద గెలవడం అంటే ఆ పిల్లకు అంత ప్రమాదంగా కనిపించేలా నేను పద్నాలుగేళ్లు పాఠం చెప్పానన్నమాట.

రికార్డు తీసుకున్నాను. పద్నాలుగో పేజీ మీద నేను కొట్టిన ఎర్ర గీత మీద ఇంకో గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాను. కింద ఇంకో సంతకం. దాన్ని దొంతర మీద, అన్నిటికంటే పైన పెట్టాను.

ఎగ్జామినర్ భూపాలపల్లి వైపు కాలేజీ నుంచి వచ్చినాయన. నా లాగే కాంట్రాక్టు, నా కంటే పదేళ్లు చిన్న. కూర్చోగానే చెప్పేశాను. "సార్, పద్నాలుగో పేజీ చూడండి. ఇరవై రెండింటిలో తప్పు. తప్పు నాది, పిల్లలది కాదు. పైన ఉన్న ఒక్కటే కరెక్టు. పిల్లల మార్కులు కోయొద్దు, నా మీద రిపోర్టు రాసుకోండి." ఎదురు వాదించడానికి పది మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. పాత అలవాటు.

ఆయన పై రికార్డు చూశాడు. దాని కింది రికార్డు చూశాడు. మళ్ళీ పైది చూశాడు. ముఖం పాలిపోయింది. "ఈ ఆకుపచ్చ మార్జిన్… మేడం, మీరు ముంగట జనగామల జేసిండ్రా?"

"చేశాను."

"ఆడి నుంచి ఒకాయన మాకు జిరాక్సు తెచ్చిచ్చిండు మేడం. ఐదేండ్ల సంది మా పిల్లలు గూడ అదే చూసి రాస్తున్నరు. మాదాంట్ల గూడ యాభై ఐదే!"

నేను నవ్వాను. తప్పని తెలుసు, ఆపుకోలేకపోయాను. నా తప్పు నాకంటే ముందే భూపాలపల్లి చేరింది. ప్లాస్టిక్ అట్ట లేకుండానే. ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఏడుపు కలిపి. "నా ప్రాక్టికల్స్ ఎల్లుండి మేడం. మా దగ్గరికొచ్చే ఆయన చానా గట్టి మనిషి. బతికిచ్చిండ్రు పొండ్రి." ఫోన్ తీసి పిల్ల పేజీని ఫొటో కొట్టుకున్నాడు.

పరీక్ష అరగంట ఆలస్యంగా మొదలైంది. ఆ అరగంటలో ఇరవై రెండు మంది వరండాలో కూర్చుని, పది కొట్టేసి పదకొండు రాసుకున్నారు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి దిద్దిన చోట మళ్ళీ సంతకం పెట్టాను. "యాభై ఐదు రాసెయ్యరాదె" అన్నవాడు అందరికంటే ఎక్కువసేపు తల వంచుకుని దిద్దాడు. ఆ రోజు ఒక్కొక్క పిల్లనూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాం. నలుగురు నలుగురుగా, చీకటి పడేలోపు అందరూ.

ఈ పిల్ల వంతు వచ్చినప్పుడు ఎగ్జామినర్ అడిగింది ఒకటే ప్రశ్న. "మరి పదో మనిషిని గూడ ఎక్కియ్యాలంటె ఏం జెయ్యాలె?"

"పదకొండు అన్నంక ఆగుమనాలె సార్."

"పో. చాలు."

సాయంత్రం ఆటోల అడ్డా దాకా తల్లీకూతుళ్లతో నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు. క్షమించమనే మాట ఒకటి నోట్లో పెట్టుకుని బయల్దేరాను. అది మాత్రం బయటికి రాలేదు. ఇంత నోరుండీ. నెల్లికుదురు ఆటో నిండా జనం. డ్రైవరు లెక్కేమీ పెట్టలేదు. ఇద్దరినీ సందులో కుక్కేశాడు. ఆటో కదులుతుంటే ఆ తల్లి తల బయట పెట్టి, "మేడం! గా మిషిన్ల గదికి తాళం ఎయ్యకుర్రి!" అని అరిచింది. బజారంతా వింది.

నేను అడ్డాలో నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. ఓడిపోతే ఇంత తేలిగ్గా ఉంటుందని అంతకు ముందు తెలియదు. ఓడిపోయిన అనుభవం లేక.

మర్నాడే సొరుగులోంచి తాళంచెవి తీసుకున్నాను. ప్రిన్సిపాల్ గారు అడిగితే వాదించాను. ఆ వాదన మాత్రం ఇన్నేళ్లలో నేను సరైన దాని కోసం చేసిన వాదన. నాలుగు కంప్యూటర్లు ఏడాదిలో రెండయ్యాయి, పిల్లలు నిజంగానే ఖరాబు చేశారు. ఒకటి వాళ్లే బాగుచేశారు.

పిల్ల పాసైంది. పాలిటెక్నిక్‌లో చేరింది, పూర్తిచేసింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. మొన్న ఫోన్ చేస్తే ఏం పని అని అడిగాను, గుసగుసగా, నాకు అంతవరకే అనుమతి. "వేరేటోళ్లు రాసిన ప్రోగ్రాంలల్ల తప్పులు దేవులాడుడు మేడం" అంది. దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారట. నా దగ్గర అదే పనికి ఆ పిల్లకు దక్కింది ఎర్ర గీత.

నా చివరి ఊరు భూపాలపల్లి. అక్కడ చార్జి అప్పగించిన రోజు నా స్థానంలో వచ్చిన అమ్మాయికి ఇరవై ఐదేళ్లుంటాయేమో. రేగొండ నుంచి రోజూ బస్సులో వస్తానంది. పుస్తకాలూ రిజిస్టర్లూ అన్నీ చూసుకున్నాక, మొహమాటంగా అడిగింది: "మేడం, పిల్లలు చూసి రాసుకునుడుకు మంచి మోడల్ రికార్డు ఏమన్న ఉంటె ఇస్తరా?"

అప్పటికి గొంతు పూర్తిగా మూసుకుపోయింది. లేకపోతే గంటసేపు ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ అమ్మాయి అదృష్టం. బ్యాగులోంచి ల్యాబ్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఇంకా ఏదో ఇస్తానని చెయ్యి అట్లాగే చాపి ఉంచింది. ఒక చీటీ మీద రాసిచ్చాను: "ఇదే మోడల్. పిల్లలతో పేచీ వస్తే ముందు మిషిన్ని అడుగు."